ఆవిరి వచ్చేదాకా ఆగొద్దు.. పాత బండికి డిజిటల్ డ్యాష్‌బోర్డ్ ఎలా బిగించాలి? ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

బెల్లంపల్లి: మే నెల. మిట్టమధ్యాహ్నం. లోడుతో ఉన్న చిన్న ట్రాలీ బండి మంచిర్యాల రోడ్డు మీద వెళ్తోంది. మీటర్‌లో టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. డ్రైవర్‌కు ఏ అనుమానం రాలేదు. కాసేపటికి బానెట్ కింద నుంచి ఆవిరి! బండి పక్కకు తీసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి చెప్పే మాట ఒక్కటే.. "హెడ్డు పోయిందన్నా". అంతే, బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది. కిరాయిలు బంద్. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

బొగ్గు గనుల ప్రాంతంలో బండి మీదే బతికే కుటుంబాలకు ఎండాకాలంలో ఇది కొత్త సీన్ కాదు. మరి ఇంజిన్ వేడెక్కుతోందని నాలుగైదు నిమిషాల ముందే తెలిస్తే? అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, ఒక స్క్రీన్, రెండు మూడు సెన్సార్లతో ఈ పని చేయొచ్చు. యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలు బోలెడు. చూసి సొంతంగా బిగించాలనుకునే పాలిటెక్నిక్, ఐటీఐ కుర్రాళ్లూ ఉన్నారు. కానీ చాలా వీడియోలు స్క్రీన్ మీద రంగురంగుల అంకెలు చూపిస్తాయి. ఆ అంకె నిజమా కాదా అన్నది మాత్రం చెప్పవు. అసలు సమస్య అక్కడే ఉంది. అదేంటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మీటర్ ముల్లు ఎందుకు మోసం చేస్తుంది?

చాలా బండ్లలో టెంపరేచర్ ముల్లును కావాలనే మొద్దుగా తయారు చేస్తారు. ఇంజిన్ వేడి పది, ఇరవై డిగ్రీలు అటూ ఇటూ మారినా ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. ప్రతి చిన్న మార్పుకూ ముల్లు ఊగితే డ్రైవర్ కంగారు పడతాడని ఈ ఏర్పాటు. ముల్లు పైకి లేచిందంటే అప్పటికే వేడి హద్దు దాటుతోందని అర్థం.

ఇక ఎర్ర లైటు సంగతి. ఆయిల్ లైటు వెనక ఉండేది కేవలం ఒక స్విచ్. ప్రెజర్ బాగా పడిపోయాకే అది వెలుగుతుంది. "తగ్గుతోంది" అని అది చెప్పదు, "తగ్గిపోయింది" అని మాత్రమే చెబుతుంది. డిజిటల్ డ్యాష్‌బోర్డ్ వల్ల అసలు లాభం ఇదే. 88, 93, 97, 102.. ఇలా అంకె పెరుగుతూ కనిపిస్తే, ఆవిరి రాకముందే బండి ఆపొచ్చు.

ఇంతకీ ఈ చిన్న కంప్యూటర్ ఏంటి?

ప్రాసెసర్, మెమరీ, యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఒకే బోర్డు మీద ఉండే కంప్యూటర్ ఇది. వీటిలో బాగా పేరున్నది రాస్ప్‌బెర్రీ పై. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌లో పుట్టింది. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఉద్దేశంతో 2012 ఫిబ్రవరి 29న దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. ఇప్పుడు ఫ్యాక్టరీల నుంచి పొలాల దాకా అన్నిచోట్లా వాడుతున్నారు.

దీని అంచున 40 పిన్నులు ఉంటాయి. సెన్సార్ల వైర్లు వచ్చేది ఇక్కడికే. అయితే రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి.. ఈ పిన్నులు తట్టుకునేది 3.3 వోల్టులే. బండి బ్యాటరీ 12 వోల్టులు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టులు కూడా దాటుతుంది. లారీల్లో అయితే 24. బండి వైరు తెచ్చి నేరుగా పిన్నుకు తగిలిస్తే బోర్డు కాలిపోతుంది.

రెండు.. ఈ పిన్నులకు "ఉంది", "లేదు" అనే రెండే తెలుసు. వోల్టేజీ ఎంత ఉందో కొలవడం వీటికి రాదు. కానీ టెంపరేచర్ సెన్సార్, పెట్రోల్ ట్యాంకు సెన్సార్ ఇచ్చేది హెచ్చుతగ్గుల సిగ్నలే. కాబట్టి మధ్యలో ఆ వోల్టేజీని అంకెగా మార్చే చిన్న చిప్పు పెట్టాలి. ఏడీఎస్1115, ఎంసీపీ3008 అనేవి ఇందుకు ఎక్కువగా వాడేవి. మొదటిదానికి నాలుగు సెన్సార్లు, రెండోదానికి ఎనిమిది కలపొచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది: మీ బండి ఏ కాలంది?

మన దేశంలో బీఎస్-4 కార్లలో ఓబీడీ-2 అనే పద్ధతి 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అమల్లో ఉంది. ఈ బండ్లలో స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాలి దగ్గర్లో 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. సర్వీస్ సెంటర్లో మెకానిక్ స్కానర్ తగిలించేది దానికే. మీ బండికి అది ఉంటే సగం పని అయిపోయినట్టే. కొత్తగా సెన్సార్ పెట్టాల్సిన పని లేదు.

అంతకంటే పాతవి, మెకానికల్ పంపు ఉన్న డీజిల్ బండ్లు, పాత ట్రాక్టర్ల సంగతి వేరు. వాటిలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరే ఉండదు. సెన్సార్లు విడిగా బిగించుకోవాలి.

కొత్త బండ్లకు: సాకెట్ దారి

బండి లోపల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైనును క్యాన్ బస్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ దీన్ని 1986లో బయటపెట్టింది. రెండే వైర్ల మీద అన్ని కబుర్లూ నడుస్తాయి. సాకెట్‌లో 6, 14 నంబర్ల పిన్నులు ఈ వైర్లవే. 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉంటాయి.

ఈ సాకెట్‌కు బ్లూటూత్ లేదా యూఎస్‌బీ అడాప్టర్ తగిలిస్తే చాలు. మన చిన్న కంప్యూటర్ దాని ద్వారా ఇంజిన్ కంప్యూటర్‌ను ప్రశ్నలు అడుగుతుంది. పైథాన్ భాషలో ఇందుకు రెడీమేడ్ లైబ్రరీ కూడా ఉంది.

ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణ చూడండి. కూలెంట్ వేడి ఎంత అని అడిగితే ఇంజిన్ కంప్యూటర్ 130 అని జవాబిస్తుంది. అందులోంచి 40 తీసేయాలి. అంటే 90 డిగ్రీలు. మైనస్ డిగ్రీల చలిని కూడా చెప్పేందుకు ఇలా 40 కలిపి పంపుతారు. ఇంజిన్ వేగం అడిగితే రెండు అంకెలు వస్తాయి. అవి 11, 184 అనుకుందాం. మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలపాలి. వచ్చేది 3000. దాన్ని నాలుగుతో భాగిస్తే 750. అంటే ఇంజిన్ నిమిషానికి 750 సార్లు తిరుగుతోంది. బండి ఐడిల్‌లో ఉందన్నమాట.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. అడగడం వరకే పరిమితం కండి, ఇంజిన్ కంప్యూటర్‌లో ఏదీ మార్చే ప్రయత్నం చేయొద్దు. రెండోది, 16వ పిన్నులో బండి ఆఫ్ చేసినా కరెంటు ఉంటుంది. అడాప్టర్ అలాగే వదిలేసి నాలుగు రోజులు ఊరెళ్తే, వచ్చేసరికి బ్యాటరీ డౌన్ కావొచ్చు.

పాత బండ్లకు: సెన్సార్ దారి

టెంపరేచర్ సెన్సార్ లోపల ఉండేది వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న ముక్క. ఎక్కువగా కనిపించే ఒక రకం సెన్సార్‌లో 20 డిగ్రీల దగ్గర ఇది సుమారు 2500 ఓమ్‌లు ఉంటుంది. 100 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు 186 ఓమ్‌లకు పడిపోతుంది.

దీన్ని ఎలా చదవాలంటే.. 3.3 వోల్టుల నుంచి 1000 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, దాని కింద సెన్సార్, ఆ కింద ఎర్త్. రెసిస్టర్, సెన్సార్ కలిసే చోటు నుంచి చిప్పుకు వైరు. ఇంజిన్ చల్లగా ఉంటే అక్కడ సుమారు 2.36 వోల్టులు కనిపిస్తాయి. వంద డిగ్రీల దగ్గర 0.52 వోల్టులు. అంటే వోల్టేజీ తగ్గుతోందంటే వేడి పెరుగుతున్నట్టు.

చాలామంది చేసే పొరపాటు ఇంకోటి ఉంది. బండిలో ముందే ఉన్న సెన్సార్ వైరునే చీల్చి తమ బోర్డుకూ కలుపుతారు. అలా చేస్తే మన రెసిస్టర్ వల్ల పాత లెక్క మారిపోతుంది. బండి మీటర్ తప్పు చూపిస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ ఉన్న బండిలో అయితే అది తప్పు వేడిని నమ్మి డీజిల్, పెట్రోల్ లెక్క కూడా మార్చేస్తుంది. అందుకే మన డ్యాష్‌బోర్డ్‌కు విడిగా ఇంకో సెన్సార్ పెట్టడమే మేలు.

ఆయిల్ లైటు సిగ్నల్ కావాలంటే మధ్యలో ఆప్టోకప్లర్ పెట్టాలి. పీసీ817 అనేది అందరికీ దొరికే రకం. దీనిలో ఒకవైపు చిన్న బల్బు లాంటిది వెలుగుతుంది, రెండోవైపు ఆ వెలుతురును చూసి సిగ్నల్ ఇస్తుంది. రెండు వైపులకూ మధ్య వైరు కలయికే ఉండదు. కాబట్టి బండి 12 వోల్టులు బోర్డును తాకవు. బల్బు వైపు తగిన రెసిస్టర్ మాత్రం మరిచిపోవద్దు.

వేగం కోసం చక్రం దగ్గర అయస్కాంతం, హాల్ సెన్సార్ పెట్టొచ్చు. చక్రం చుట్టుకొలత 1.8 మీటర్లు, సెకనుకు 10 పల్సులు వచ్చాయనుకోండి. సెకనుకు 18 మీటర్లు, అంటే గంటకు 64.8 కిలోమీటర్లు. చక్రం జోలికి వెళ్లడం ఇష్టం లేకపోతే జీపీఎస్ మాడ్యూల్ పెట్టుకోండి. వేగం అదే చెబుతుంది.

పెట్రోల్, డీజిల్ ట్యాంకు లోపలి జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. అక్కడ సొంత ప్రయోగాలు ప్రాణాల మీదికి తెస్తాయి.

అసలు ప్రమాదం: అబద్ధం చెప్పే అంకె

అందరూ ఆగి చదవాల్సిన భాగం ఇది.

పైన చెప్పిన సర్క్యూట్‌లో సెన్సార్ వైరు తెగిపోయిందనుకోండి. చిప్పుకు 3.3 వోల్టులు కనిపిస్తాయి. వోల్టేజీ ఎక్కువంటే చల్లగా ఉన్నట్టు కదా? కాబట్టి ప్రోగ్రామ్ "ఇంజిన్ మంచులా చల్లగా ఉంది" అని లెక్కగడుతుంది. స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగు. బయట 45 డిగ్రీల ఎండ, లోపల ఇంజిన్ కాలిపోతోంది. డ్రైవర్ మాత్రం హాయిగా నడుపుతూనే ఉంటాడు!

గతుకుల రోడ్ల మీద, దుమ్ములో, లోడుతో తిరిగే బండిలో వైరు తెగడం, కనెక్టర్ వదులవడం మామూలే. కాబట్టి ప్రోగ్రామ్‌లో ఈ నియమం ఉండాల్సిందే. వోల్టేజీ 3.2 దాటినా, 0.1 కంటే తగ్గినా డిగ్రీలు చూపించకూడదు. "సెన్సార్ పోయింది" అని పెద్ద అక్షరాలతో చూపించాలి, బజర్ మోగాలి.

ఇంకోటి ఇంతకంటే మోసకారి. రేడియేటర్ పైపు పగిలి కూలెంట్ అంతా కారిపోయిందనుకోండి. అప్పుడు సెన్సార్ చుట్టూ ద్రవం ఉండదు, గాలీ ఆవిరీ ఉంటాయి. వేడి సరిగా అందదు. దాంతో అంకె పెరగడానికి బదులు ఒక్కసారిగా పడిపోవచ్చు. చూసేవాళ్లకు "హమ్మయ్య, చల్లబడింది" అనిపిస్తుంది. నిజానికి ఇంజిన్‌కు అదే చివరి ఘడియ.

అందుకే నడుస్తున్న ఇంజిన్‌లో వేడి హఠాత్తుగా తగ్గినా అలారం మోగేలా రాసుకోవాలి. ఇంజిన్ తల మీద, లోహానికి ఆనేలా ఇంకో సెన్సార్ పెడితే మరీ మంచిది. కూలెంట్ లేకపోయినా అది లోహం వేడి చెబుతుంది. నీళ్ల కూలింగ్ లేని ఆటోలు, బైకులకు కూడా ఈ రకం సెన్సారే పనికొస్తుంది.

అదేవిధంగా, బ్లూటూత్ తెగిపోయినప్పుడు స్క్రీన్ మీద పాత అంకె అలాగే నిలబడిపోకూడదు. రెండు మూడు సెకన్లు కొత్త కబురు రాకపోతే అంకె తీసేసి గీతలు చూపించాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పే డ్యాష్‌బోర్డే మంచి డ్యాష్‌బోర్డ్.

కరెంటు ఎలా ఇవ్వాలి?

చిన్న కంప్యూటర్‌కు కావాల్సింది 5 వోల్టులు. రాస్ప్‌బెర్రీ పై 4కు 3 ఆంపియర్ల సప్లై కావాలి, పై 5కు 5 ఆంపియర్లు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది. ఆల్టర్నేటర్ నుంచి అప్పుడప్పుడు పెద్ద వోల్టేజీ దెబ్బ కూడా వస్తుంది. కాబట్టి చవక మొబైల్ చార్జర్ పనికిరాదు. వాహనాల కోసం తయారైన కన్వర్టర్ తీసుకోండి. 24 వోల్టుల బండి అయితే దానికి తగ్గది చూసుకోవాలి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు మొదట్లోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని వైరు ఎక్కడైనా ఒరుసుకుపోతే బండికి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు.. తాళం తీయగానే కరెంటు పోతే మెమరీ కార్డు పాడవుతుంది. కొన్నాళ్లకు కంప్యూటర్ ఆన్ కాదు. తాళం తీశాక కాసేపు కరెంటు ఇచ్చి, సరిగ్గా షట్‌డౌన్ అయ్యాక కట్ చేసే మాడ్యూల్ పెట్టుకోవచ్చు. లేదా కార్డు మీద ఏమీ రాయకుండా, చదవడానికి మాత్రమే వాడే సెట్టింగ్ పెట్టుకోవచ్చు.

ఎండలో నిలబెడితే?

ఈ కంప్యూటర్ ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అద్దాలు మూసి ఎండలో ఆపిన క్యాబిన్ లోపల ఎంత వేడి ఉంటుందో మన డ్రైవర్లకు చెప్పక్కర్లేదు. కాబట్టి బోర్డును డ్యాష్‌బోర్డ్ పైన, అద్దం కింద పెట్టొద్దు. సీటు కిందో, గ్లోవ్ బాక్సు వెనకో, గాలి ఆడే చోట పెట్టండి. చిన్న ఫ్యాన్, దుమ్ము ఆపే జాలీ ఉండాలి. మన దగ్గర బొగ్గు దుమ్ము సంగతి తెలిసిందే కదా!

స్క్రీన్ మీద కూడా అన్నీ పెట్టాలని చూడొద్దు. వేడి, ఆయిల్, బ్యాటరీ వోల్టేజీ.. ఈ మూడూ పెద్ద అక్షరాల్లో ఉంటే చాలు. రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా తెలియాలంటే బజరే దిక్కు.

బిగించే ముందు ఇంట్లోనే పరీక్ష

సెన్సార్‌ను ముందు గిన్నెలో మరిగే నీళ్లలో ముంచండి. స్క్రీన్ దాదాపు 100 చూపించాలి. తర్వాత ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో పెట్టండి, సున్నాకు దగ్గరగా రావాలి. ఆ తర్వాత కావాలనే వైరు పీకేయండి. స్క్రీన్ "సెన్సార్ పోయింది" అనాలి. ఈ మూడు పరీక్షలూ పాసైతేనే బండి దాకా వెళ్లండి.

బండిలో సెన్సార్ బిగించే పని తెలిసిన మెకానిక్‌తోనే చేయించుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే చేయాలి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే లోపలి ప్రెజర్‌కు మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది.

పాత మీటర్ తీసేయొచ్చా?

తీయకూడదు. బండికి పనిచేసే స్పీడోమీటర్ ఉండాలని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. కంపెనీ ఇచ్చిన బండిలో ఇష్టమొచ్చిన మార్పులు చేయడం 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కిందికి వస్తుంది. పైగా మన చిన్న కంప్యూటర్ ఆన్ కావడానికే కొంత సమయం పడుతుంది. అప్పటిదాకా దిక్కు కంపెనీ మీటరే. కాబట్టి డిజిటల్ డ్యాష్‌బోర్డ్ పాతదానికి తోడు మాత్రమే. వారంటీలో ఉన్న బండి అయితే వైర్లు కోయకండి, సాకెట్ దారే మేలు.

చివరగా.. ఎవరికి ఇది అవసరం?

సాకెట్ ఉన్న కారుకు కేవలం వేడి, వేగం చూడాలంటే ఇంత కష్టం అక్కర్లేదు. బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ ఉంటే చాలు. రోజంతా లోడుతో తిరిగే పాత డీజిల్ బండి ఉన్నవాళ్లకు, ఇంజిన్ మీద బతుకు ఆధారపడ్డవాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే వస్తువు. చదువుకునే పిల్లలకైతే సెన్సార్, సర్క్యూట్, ప్రోగ్రామ్ మూడూ ఒకేచోట నేర్పే మంచి ప్రాజెక్టు.

ఒక్క మాట మాత్రం మరవొద్దు. బండి ఇచ్చే ముందు యజమాని ఎదురుగానే సెన్సార్ వైరు ఒకసారి పీకి చూపించండి. అలారం మోగిందా, ఓకే. మోగలేదా, ఆ స్క్రీన్ ఎంత అందంగా ఉన్నా బండికి బిగించకండి.